చదును షీటులోంచి పొట్ట ఎలా వస్తుంది?

చిరంజీవులు చిట్టికి, చింటూకి,

మీ ఉత్తరం అందింది. చిట్టి అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. "తాతయ్యా, స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటు పలకలాగా చదునుగా ఉంది. దాంతో చెయ్యాల్సిన బొమ్మ రోబోకేమో పొట్ట ఉంటుంది, భుజాలుంటాయి. చదునులోంచి పొట్ట ఎలా వస్తుంది?" అని. చింటూ మాత్రం ముందు తల చెయ్యాలా, చేతిలో తుపాకి చెయ్యాలా అని అడిగాడు. రెండూ కాదు నాయనా. ముందు పొట్టే.

గుడ్డ కూడా చదునే కదా. అదే గుడ్డ చొక్కా అయ్యాక అందులో మనిషి పడతాడు. దర్జీ ఏం చేస్తాడు? కొలతలు తీసుకుని, గీసి, ముక్కలు కత్తిరించి, కుడతాడు. ముక్కలు తయారుగా ఉండే కిట్ కొనకుండా ఉత్త షీటుతో రోబో చెయ్యడమూ అంతే. మంచి గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు దర్జీ కాగితం ముక్కలతో చూసుకున్నట్టు, మీరు పాత నోటుపుస్తకం అట్టతో ముందు పొట్ట చేసి టేపు అంటించి చూడండి. మరీ లావుగా ఉందా? ఇంకో అట్ట కత్తిరించండి. అట్ట పోతే ఏడవక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దర్జీ కుట్టులోకి పోయే గుడ్డ కోసం కొలతకు కాస్త కలుపుతాడు. మనం షీటు మందం మేరకు తీసేస్తాం. పొట్ట పెట్టె 40 మి.మీ. ఎత్తు, 30 వెడల్పు, 20 లోతు ఉండాలనుకోండి. షీటు మందం 1 మి.మీ. ముందు ముక్క, వెనక ముక్క 40కి 30. పక్క ముక్కలు ఆ రెండిటి మధ్యలో ఇరుక్కోవాలి కాబట్టి వాటి వెడల్పు 20 కాదు, 18. పైముక్క, అడుగుముక్క నాలుగు గోడల లోపల కూర్చోవాలి కాబట్టి అవి 28కి 18. సరిగ్గా రెండే ఎందుకు తగ్గిందో నేను చెప్పను. అట్ట పెట్టెను చేతిలో పట్టుకుని అంచు వైపు నుంచి చూడండి, మీకే తెలుస్తుంది.

నాకు పదకొండేళ్లప్పుడు ఇది తెలీదు. చెప్పుల డబ్బా అట్ట కోసి రోబో చేశాను. మందం తియ్యలేదు. పైముక్క లోపలికి దిగలేదు. బలవంతంగా నొక్కితే రెండు మూలలు చిట్లిపోయాయి. సిగ్గేసి, యుద్ధంలో దెబ్బ తిన్న రోబో అని ఊరంతా చెప్పుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ రెండో రోబోకీ అదే యుద్ధం వచ్చేసరికి ఎవరూ నమ్మలేదు. మూడోదానికి స్కేలు పట్టుకున్నాను.

కత్తిరించడమన్నానే గానీ, స్టైరీన్‌కి కత్తెర పెద్దగా పనికిరాదు. స్టీలు స్కేలు ఆనించి కత్తితో నెమ్మదిగా రెండు మూడుసార్లు గీత గియ్యాలి, అంతే. తెగేదాకా కోయక్కర్లేదు. గీత పైకి ఉండేలా పట్టుకుని గీతకు రెండు వైపులనూ కిందికి వంచితే టక్కున విరుగుతుంది. ఎంత శుభ్రంగా విరుగుతుందో! మొదటిసారి నేను పని ఆపేసి పనికిరాని ముక్కలన్నీ విరుచుకుంటూ కూర్చున్నాను. మొద్దు బ్లేడు వాడకండి. దానికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెడితే జారుతుంది. పక్కన పెద్దవాళ్లుండాలి. ఆ మాట మీద నాతో బేరం లేదు.

ఇక కుట్టు. ఇక్కడ నా దర్జీ కాస్త తడబడతాడు, అయినా వాణ్ని వదలను. మన దగ్గర దారం లేదు. స్టైరీన్ సిమెంట్ అని నీళ్లలా పల్చగా ఉండేది దొరుకుతుంది. రెండు ముక్కల్ని దగ్గరగా ఆనించి పట్టుకుని, సందు మీద బ్రష్షుతో చిన్నగా తాకిస్తే చాలు, అదే లోపలికి పాక్కుంటూ పోతుంది. అది బంక కాదు. రెండు అంచుల్నీ కొంచెం కరిగించి, తను ఆవిరైపోతుంది. కరిగిన అంచులు ఒకదాన్లో ఒకటి కలిసి గట్టిపడతాయి. రెండు గుడ్డల అంచులు దారం లేకుండా ఒకే గుడ్డ అయిపోయాయనుకోండి. ఏ దర్జీ చెయ్యగలడు ఆ పని? పల్చదనం చూసి మోసపోవద్దు, ఘాటు ఎక్కువ. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. సీసా మూత, పెన్ను మూత లాంటివి అంటించబోతే చాలాసార్లు అంటుకోవు. అవి వేరే జాతి ప్లాస్టిక్‌లు.

థర్మాకోల్ మాత్రం ఇదే జాతి! రెండూ పాలిస్టైరీనే. షీటులో గట్టిగా ఉన్నదే, లోపలంతా చిన్న చిన్న బుడగలు వచ్చేలా ఉబ్బిస్తే థర్మాకోల్. చిన్న ముక్క మీద ఒక బొట్టు సిమెంట్ వేయించుకుని చూడండి, ఎలా కుంగిపోతుందో.

కాలరు నిలబడాలని దర్జీ లోపల బక్రం అనే బిరుసు గుడ్డ పెడతాడు. అలాగే పెద్ద పెట్టె గోడలు లోపలికి వంగకుండా మధ్యలో ఒక అడ్డముక్క అంటించండి. అడుగున కనబడని చోట చిన్న రంధ్రం చెయ్యండి. లేకపోతే ఆవిరి లోపలే ఉండిపోయి గోడలు మెత్తబడి వంకరపోతాయి. నా నాలుగో రోబో పొట్ట అలాగే పీక్కుపోయింది.

ఆ తర్వాత ఇస్త్రీ, అంటే రుద్ది నున్నగా చెయ్యడం. 400 నంబరు గరుకు కాగితం, ఆపైన 600. తెల్ల ప్లాస్టిక్ మీద గీతలు కంటికి దొరకవు, అసలు రంగుకు ముందు వేసే బూడిదరంగు ప్రైమర్ పూత కొట్టగానే అన్నీ బయటపడతాయి. అప్పుడు తిట్టుకుని మళ్లీ రుద్దండి.

ఇంతకీ చింటూ, మోచెయ్యి ఎలా వంచాలని చివర్లో చిన్న అక్షరాలతో రాశావు. దాన్ని నేను ఎంత రాసినా అర్థం కాదు. మీ గది తలుపు దగ్గరికి వెళ్లి బందు చూడు. ఒక రెక్క వేళ్ల మధ్యలోకి ఇంకో రెక్క వేళ్లు ఎలా దూరాయో, మధ్యలో చువ్వ ఎక్కడ నిలబడిందో చూసుకుంటూ తలుపు మెల్లగా తెరిచి మూయి. చిట్టి బొమ్మ గీస్తుంది. మూడు షీటు ముక్కలతో అది చెయ్యాలంటే రంధ్రం ఎక్కడ పడాలో ఆ బొమ్మలోనే చుక్క పెట్టి నాకు పంపండి.

మీ తాతయ్య