ఇంజన్ కింది రబ్బరు

పాత అంబాసిడర్‌ను స్టార్ట్ చేసి అలాగే నిలబెట్టి ఉంచితే గేరు రాడ్డు వణుకుతుంది, డాష్‌బోర్డు గలగలమంటుంది, అద్దంలో వెనక బండి చెదిరి కనిపిస్తుంది. పాత బండి కదా, అంతే ఉంటుందని సర్దుకుపోతాం. చాలాసార్లు ఆ వణుకుకు కారణం బండి ముసలిదవడం కాదు, ఇంజన్‌కూ బాడీకీ మధ్య బిగించిన కొద్దిపాటి రబ్బరు ముక్కలు ముసలివి కావడం.

మెకానిక్కులు వీటిని మౌంటింగ్ రబ్బర్లు అంటారు, కొందరు ఫౌండేషన్ అంటారు. ఇనుప పలకలకు అతికిన ఈ రబ్బరు ఇంజన్ బరువు మోయాలి, దాని కుదుపు మనదాకా రాకుండానూ చూడాలి. మోయడానికి గట్టిదనం కావాలి, కుదుపు ఆపడానికి మెత్తదనం కావాలి. రంగుకూ క్రోమియం మెరుపుకూ నెలలు వెచ్చించేవారు కూడా రబ్బరు చిరగలేదు కనుక బాగానే ఉందని వదిలేస్తుంటే నాకు బాధ కలుగుతుంది. చిరగకుండానే అది చచ్చిపోయి ఉండవచ్చు.

ఎలాగో చిన్న లెక్కతో చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 10 చుట్లు. చుట్టుకు రెండుసార్లు పెట్రోలు మండుతుంది కాబట్టి సెకనుకు 20 తోపులు. మరోవైపు, రబ్బరు మీద కూర్చున్న ఇంజన్‌ను ఒకసారి కదిలించి వదిలితే అది తనంతట తాను కొంత వేగంతో ఊగుతుంది. బరువుకు రబ్బరు రెండున్నర మిల్లీమీటర్లు కుంగేంత మెత్తగా ఉంటే ఆ ఊపు సెకనుకు దాదాపు 10 సార్లు. తోపుల వేగం సహజమైన ఊపుకు రెట్టింపు ఉన్నప్పుడు బాడీకి చేరేది మూడో వంతు కుదుపే. ఇప్పుడు రబ్బరు రెట్టింపు బిరుసెక్కిందనుకోండి. ఊపు సెకనుకు 14 అవుతుంది, కుదుపు మొత్తం బాడీకి చేరిపోతుంది. రబ్బరు ఉన్నా లేనట్టే. బిరుసు నాలుగింతలైతే ఊపూ తోపూ రెండూ 20 దగ్గర కలుస్తాయి, ఉయ్యాలను సరైన సమయానికి ఊపినట్టు వణుకు పెరిగిపోతుంది. నిజమైన బండిలో ఊపులు అనేక దిక్కులకు ఉంటాయి, రబ్బరు కొంత శక్తిని తనలో ఇంకించుకుంటుంది కూడా, అయినా వ్యవహారం నడిచేది ఈ దారినే. రోడ్డెక్కాక బండి వణుకు తగ్గినట్టు అనిపించడమూ అందుకే: 3000 చుట్ల దగ్గర తోపులు సెకనుకు 100, బిరుసెక్కిన రబ్బరు కూడా వాటిని కొంత ఆపగలదు.

ఈ సంగతిని అందంగా వాడుకున్న కారు అమెరికాలో క్రైస్లర్ కంపెనీ చేసిన 1931 నాటి ప్లిమత్ పీఏ. క్రైస్లర్ ఇంజనీర్లు ఇంజన్‌ను ముందు ఎత్తులో ఒకచోట, వెనక కింద ఒకచోట రబ్బరు మీద కూర్చోబెట్టారు. ఆ రెండింటినీ కలిపే గీత ఇంజన్ గరిమనాభి, అంటే బరువు కేంద్రం గుండా పోతుంది. ఆ గీతే ఇరుసుగా ఇంజన్ హాయిగా ఊగుతుంది, ఆ ఊపు అతి కాకుండా పక్కన ఒక స్ప్రింగు పట్టి ఆపుతుంది. దీనికి ఫ్లోటింగ్ పవర్ (తేలే శక్తి) అని పేరు పెట్టారు. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుని, నీటిపై తేలే హంసను గుర్తుగా వాడుకుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను మార్చకుండా, దాన్ని కూర్చోబెట్టే తీరు మార్చి బండిని కుదుపు తెలియకుండా నడిపించారు. అలాంటి బండిని బాగుచేసి గట్టిపడిన రబ్బరు మీద నిలబెట్టడం అన్యాయం.

రబ్బరు ఎందుకు గట్టిపడుతుంది? పొడవైన అణువుల గొలుసుల మధ్య గంధకం వేసిన వంతెనలే దాని బలం. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టింది రబ్బరును గంధకంతో వేడిచేసే ఈ పద్ధతినే. ఇంజన్ వేడికీ గాలిలోని ఆక్సిజన్‌కూ ఏళ్ల తరబడి కొత్త వంతెనలు పడుతూనే ఉంటాయి, గొలుసులు కదలలేని స్థితికి వస్తాయి. సాగి ఉన్నచోట ఓజోన్ గొలుసులను తెంపి పగుళ్లు తెస్తుంది. ఇంజన్ ఆయిల్ కారితే కథ వేరు: సహజ రబ్బరు ఆయిల్ పీల్చి ఉబ్బి, మెత్తబడి, పలక నుంచి ఊడిపోతుంది. అందుకే ముందు ఆయిల్ కారడం ఆపండి, తర్వాతే రబ్బరు మార్చండి.

పాత బండికి అసలు భాగాలే వేయాలన్న పట్టుదలను నేను గౌరవిస్తాను, కానీ రబ్బరు విషయంలో ఒప్పుకోను. నలభై ఏళ్లు డబ్బాలో పడి ఉన్న కంపెనీ రబ్బరు ఆ నలభై ఏళ్లూ ముసలిదవుతూనే ఉంది. అలాగే, బలంగా ఉంటుందని పాలీయురేథేన్ (రబ్బరు కంటే బిరుసుగా ఉండే ప్లాస్టిక్) వేయించుకుంటే మామూలుగా తిరిగే బండికి పాత వణుకే తిరిగి వస్తుంది. మౌంట్ల గట్టిదనం షోర్ ఏ కొలతలో (అంకె పెరిగేకొద్దీ రబ్బరు గట్టిది) సాధారణంగా 40 నుంచి 70 మధ్య ఉంటుంది. కొనేముందు గోరుతో నొక్కి చూడండి, గోరు దిగకపోతే వద్దనండి.

ఒకటి పోతే మిగతావీ మార్చాలి, లేకపోతే బరువంతా గట్టిదాని మీదే పడుతుంది. జాకీకీ ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపుకూ మధ్య వెడల్పాటి చెక్క పెట్టి, ఇంజన్‌ను కొద్దిగానే లేపాలి. ఎక్కువ లేపితే ఫ్యాను రేడియేటర్‌కు తగులుతుంది, గొట్టాలు సాగుతాయి. రబ్బరు కరెంటును పోనివ్వదు కాబట్టి ఇంజన్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీ గట్టిగా ఉందో లేదో అప్పుడే చూడాలి. బోల్టులను ముందే బిగించకూడదు. అన్నీ వదులుగా ఎక్కించి, జాకీ దించి, ఇంజన్ తన బరువుతో తనకు నచ్చినచోట కూర్చున్నాకే బిగించాలి. అలా చేస్తే రబ్బరు మెలిక పడకుండా ఉంటుంది.