జింక మంచె ఎక్కడ కట్టాలి? టెక్సాస్ వేటలో అపోహలు - వాస్తవాలు

ఆస్టిన్, డల్లాస్ చుట్టుపక్కల పదో ఇరవయ్యో ఎకరాలు కొనుక్కున్న మనవాళ్ళు కొందరున్నారు. పొలం చేతికొచ్చిన ఏడాదే, అక్టోబరు దాటుతుండగా ఫోన్ చేస్తారు. "అన్నా, మంచె ఎక్కడ పెట్టమంటావు?" మధ్య టెక్సాస్ గుట్టల ప్రాంతమైన హిల్ కంట్రీలో స్నేహితులతో కలిసి లీజుకు తీసుకున్న రాంచ్‌లో వేటాడుతూ, అడిగినవాళ్ళ పొలాలకు వెళ్ళి మంచెలు పెట్టించే అలవాటు నాకుంది. అక్కడ పదే పదే వినే మాటలకు ఒకచోట జవాబు రాద్దామని ఇది.

ముందే ఒక సంగతి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం, అందులో చర్చ లేదు. నేను చెప్పేదంతా టెక్సాస్ గురించి. ఇక్కడ తొంభై శాతం పైగా భూమి ప్రైవేటు చేతుల్లోనే ఉంది. తెల్లతోక జింకల వేటకు లైసెన్సు, ట్యాగులు (చంపిన జింకకు కట్టే లెక్క చీటీలు), సీజన్ అన్నీ ఉన్నాయి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. మన బ్యాచ్ దాదాపు అంతా ఆ లెక్కలోకే వస్తుంది.

అపోహ: అడుగుజాడలు, పెంటికలు ఎక్కువ కనిపించిన చోటే మంచె పెట్టాలి.

అందరూ మొదట చేసే పని ఇదే. ఆనవాళ్ళు చెప్పేది జింక వచ్చిందని మాత్రమే, ఎప్పుడు వచ్చిందో చెప్పవు. మేత మైదానం మధ్యలో కనిపించే జాడల్లో చాలావరకు రాత్రివే. కొమ్ములతో చెట్టు బెరడు రాసిన గుర్తులు, కాలితో నేల గీకి మూత్రం పోసిన మచ్చలు చూసి ఉత్సాహపడతాం గానీ, వాటి దగ్గరికి కూడా పెద్ద పోతులు ఎక్కువగా చీకట్లోనే వస్తాయి. మనకు కాల్చడానికి చట్టం ఇచ్చే సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే.

అందుకని నేను చూసేది పగలు పడుకునే పొదలకూ, మేతకూ మధ్య దారి. హిల్ కంట్రీలో అయితే సీడర్ గుబురు ఒకవైపు, కాయలు రాల్చే లైవ్ ఓక్ చెట్లు ఇంకోవైపు ఉంటాయి. ఆ రెంటి మధ్య జింకలు తప్పనిసరిగా ఇరుక్కుని నడిచే చోటు ఎక్కడో ఉంటుంది. వాగు దాటే రేవు కావచ్చు, రెండు గుట్టల మధ్య పల్లం కావచ్చు, కంచె కింద సందు కావచ్చు.

కంచె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జింక ఎగిరి దూకుతుందని అందరికీ తెలుసు, కానీ సందు దొరికితే కింద నుంచి దూరిపోవడమే దానికి సుఖం. కంచె వెంట నడుస్తూ అడుగు తీగను చూడండి. ఒకచోట ముళ్ళకు వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. చేత్తో నలిపితే బోలుగా, పెళుసుగా విరుగుతాయి. దాని కింద మట్టి గడ్డి లేకుండా, అరచేతితో రాసినట్టు నున్నగా ఉంటుంది. నాలుగు కెమెరాలు పెట్టి వారం రోజులు చూసే బదులు ఈ కంచె ఒకసారి నడవమని చెబుతాను.

అపోహ: జింక ఎటు నుంచి వస్తుందో తెలిస్తే చాలు.

సగం తెలిసినట్టు. మిగతా సగం మీరు ఎటు నుంచి వెళ్తారు, ఎటు నుంచి తిరిగి వస్తారన్నది. నా దృష్టిలో మంచె స్థలాన్ని తేల్చేది ఇదే. తెల్లవారుజామున మీరు మేత మైదానం దాటి మంచె ఎక్కారంటే, అప్పటికే అక్కడ మేస్తున్న జింకల్ని మీరే తరిమేశారు. ఇక ఎంత గొప్ప చోటైనా ఆ పూట కాళ్ళు చాపుకుని కూర్చోవడమే.

సాయంత్రం చిక్కు ఇంకా పెద్దది. చీకటి పడే సరికి మైదానం నిండా జింకలుంటాయి, మీరు దిగాలి. దిగితే పసిగడతాయి. పసిగట్టిన జింక గట్టిగా బుసకొడుతుంది, కాలు నేలకేసి కొడుతుంది, తోక తెల్లగా లేపి పరుగు తీస్తుంది. ఆడజింక అయితే మరుసటి సారి ఆ చెట్టు వైపు తలెత్తి చూసి మరీ వస్తుంది. దీనికి రాంచ్‌లలో ఒక పాత ఉపాయం ఉంది. రోజూ మేత వేయడానికి తిరిగే ట్రక్కుకు జింకలు అలవాటుపడి ఉంటాయి. ఎవరో ఒకరు ఆ బండి మంచె దాకా తెస్తే, అవి బండిని చూసి నిదానంగా పక్కకు తొలుగుతాయి. మీరు దిగి ఎక్కేస్తారు. మనిషి దిగినట్టు వాటికి తెలియదు.

తోడు లేనివాళ్ళు మంచెను మైదానం అంచున కాక, వంద గజాలు వెనక్కి, పొదల్లోకి జరపండి. కనిపించే జింకలు తగ్గుతాయి, నిజమే. కానీ దిగేటప్పుడు చూసే కళ్ళు కూడా తగ్గుతాయి. వెనక నుంచి వాగు అడుగున నడిచి వచ్చే వీలుంటే దాన్ని మించింది లేదు.

అపోహ: వాసన పోగొట్టే స్ప్రే కొట్టుకుంటే గాలి ఎటు వీచినా పర్లేదు.

స్ప్రేలు అమ్మేవాళ్ళకు ఈ నమ్మకం బాగా కలిసొస్తుంది. మనిషి వాసన తగ్గుతుందేమో గానీ పోదు. ఊపిరి వదులుతూనే ఉంటాం కదా! పొద్దున్నే ఇంట్లో వేసిన తాలింపు జాకెట్‌కు పట్టుకుని రాంచ్ దాకా వస్తుంది, అది వేరే సంగతి.

గాలివాటం చూసుకోవడం ఒక్కటే దారి. టెక్సాస్‌లో మామూలు రోజుల్లో గాలి ఎక్కువగా దక్షిణం, ఆగ్నేయం నుంచి వస్తుంది. చలిగాలి ముందడుగు వేసిన రోజు, ఇక్కడ 'నార్తర్' అంటారు, ఉత్తరానికి తిరుగుతుంది. జింకలు బాగా కదిలేది తరచుగా ఆ ఉత్తరపు గాలి రోజుల్లోనే. కాబట్టి ఒకే పెద్ద ఖరీదైన బాక్స్ బ్లైండ్ (చుట్టూ మూసిన గదిలాంటి మంచె) కొనడం కన్నా, దక్షిణపు గాలికి ఒకటి, ఉత్తరపు గాలికి ఒకటి, రెండు మామూలు నిచ్చెన మంచెలు పెట్టుకోవడం మేలంటాను. గాలి సరిపడని రోజు ఆ మంచె ఎక్కకూడదు. ఈ మాట అందరూ ఒప్పుకుంటారు, శనివారం రాగానే ఎక్కేస్తారు.

గుట్టలున్న చోట ఇంకో లెక్క ఉంది. ఎండ తగిలాక నేల వేడెక్కి గాలి వాలు వెంట పైకి పోతుంది. సాయంత్రం చల్లబడ్డాక బరువెక్కి పల్లానికి జారుతుంది. గాలి స్తంభించినట్టున్న సాయంత్రం వాగు గట్టు మీద కూర్చుంటే, మీ వాసన నెమ్మదిగా దిగి లోయంతా నిండుతుంది. అందుకే పొద్దున పూట పైన, సాయంత్రం జింకలు వచ్చే దారికి పల్లం వైపు కూర్చోవాలి.

దీన్ని కంటితో చూడటానికి పౌడరు సీసాలు అమ్ముతారు. నాకు నచ్చేది మిల్క్‌వీడ్ దూది. మన జిల్లేడు కుటుంబపు మొక్కే ఇది. చిన్నప్పుడు ఎండిన జిల్లేడు కాయ పగలగొట్టి ఊదినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మంచె ఎత్తు నుంచి ఒక పింజె వదిలి చూడండి. ముప్పై గజాలు మీరనుకున్న వైపే పోతుంది, ఆ తర్వాత ఓక్ చెట్టు దగ్గర గిర్రున తిరిగి, సరిగ్గా జింకలు వచ్చే దారి మీదికే వంగుతుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ ఈ మలుపు చెప్పదు. మంచె బిగించే ముందే, సీజన్‌కు చాలా ముందే, ఈ పని చేయాలి.

అపోహ: ఎంత ఎత్తయితే అంత మంచిది.

పదిహేను నుంచి ఇరవై అడుగులు చాలు. ఇంకా పైకి పోతే కాల్చే కోణం మరీ నిటారుగా మారుతుంది. విల్లుతో వేటాడేవాళ్ళకు అది పెద్ద చిక్కు, బాణం ఒక ఊపిరితిత్తికే తగిలి జింక చాలా దూరం పోయి బాధపడి చస్తుంది. ఎత్తు కన్నా వీపు వెనక కొమ్మలు, ఆకులు ఉండటం ముఖ్యం. బోడి చెట్టుకు ముప్పై అడుగుల ఎత్తున కూర్చున్న మనిషి ఆకాశానికి ఎదురుగా నల్లగా కనిపిస్తాడు. హిల్ కంట్రీలో మంచెకు తగినంత నిటారు చెట్లే తక్కువ, అక్కడ మూడు కాళ్ళ ట్రైపాడో, నేల మీద దాక్కునే బ్లైండో నయం.

అపోహ: ఫీడర్ (వేళకు మొక్కజొన్న చల్లే డబ్బా) ఎదురుగా కూర్చుంటే పెద్ద పోతు వచ్చి నిలబడుతుంది.

టెక్సాస్ ప్రైవేటు భూమిలో మొక్కజొన్న చల్లి వేటాడటం చట్టబద్ధమే. అన్ని రాష్ట్రాల్లో అలా కాదు, మిషిగన్ లోయర్ పెనిన్సులాలో 2019 నుంచి నిషేధం ఉంది. అటువైపు ఉన్న చుట్టాలకు ఈ సలహా ఫార్వర్డ్ చేయకండి.

ఇక పెద్ద పోతు విషయం. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతిలో పిల్లలూ ఆడవాళ్ళూ కూర్చున్నట్టు, ఫీడర్ తిరగ్గానే వచ్చేవి ఆడజింకలు, పిల్లలు, చిన్న పోతులు. ముదురు పోతు వస్తే గాలి కిందికి, అంటే గాలి ఫీడర్ మీదుగా తన వైపు వీచేలా, దూరంగా చుట్టు తిరిగి వాసన చూసుకుంటుంది. తుపాకి వేటకు మంచెను ఫీడర్‌కు వంద గజాల దూరంలో పెట్టి, ఆ చుట్టు తిరిగే దారి కూడా కనిపించేలా చూసుకోండి.

అపోహ: సాటి వేటగాళ్ళ కంట పడేందుకు వేసుకునే ఆరెంజ్ చొక్కా చూసి జింక పారిపోతుంది.

పారిపోదు. జింక కంటికి ఆరెంజ్, ఎరుపు రంగులు ఆకుపచ్చకు వేరుగా తెలియవు. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అంటే ఆరెంజ్ జాకెట్ కన్నా కింద వేసుకున్న జీన్స్ ప్రమాదం. తెల్లగా మెరిపిస్తాయనే డిటర్జెంట్లతో వేట బట్టలు ఉతకొద్దు, ఆ మెరుపు వాటి కంటికి ఇంకా ఎక్కువ. ప్రైవేటు భూమిలో టెక్సాస్ చట్టం ఆరెంజ్ తప్పనిసరి చేయలేదు. అయినా మంచెకు నడిచి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు వేసుకోండి. పక్క పొలంలో ఎవరున్నారో మనకేం తెలుసు?

అపోహ: నా పొలం, నా ఇష్టం. ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

తూటాకు సరిహద్దు తెలియదు, చట్టానికి తెలుసు. టెక్సాస్‌లో వేటాడుతూ కాల్చిన తూటా మీ హద్దు దాటితే, పక్క యజమాని రాతపూర్వక అనుమతి లేకపోతే, అది నేరం. కాబట్టి మంచె కంచె పక్కన పెట్టి పొరుగు పొలం వైపు చూస్తూ కూర్చోవడం మానుకోండి. మర్యాదగా కూడా ఉండదు. పొలం లోపలికి తిరిగి, వెనక గుట్టో మట్టి గట్టో ఉన్న వైపు కాల్చేలా పెట్టాలి. ఎత్తు నుంచి కాల్చిన తూటా త్వరగా నేలకు దిగుతుంది కాబట్టి సమతల పొలాల్లో మంచెకు ఆ లాభం ఉంది.

గాయపడ్డ జింక పక్క పొలంలో పడినా, అడగకుండా కంచె దూకితే అక్రమ ప్రవేశమే. స్తంభాల మీద, చెట్ల మీద ఊదారంగు గీతలు కనిపిస్తే అవి 'లోపలికి రావద్దు' బోర్డుతో సమానం. పొరుగాయనతో సీజన్‌కు ముందే మాట్లాడుకోండి, ఒక కిలో స్వీట్లు ఖర్చు. ఇంకో విషయం, పట్టణ పరిధికి బయట సబ్‌డివిజన్లలో (ఇళ్ళ లేఔట్లలో) పది ఎకరాలు, అంతకన్నా చిన్న లాట్లలో తుపాకి కాల్చడాన్ని కౌంటీలు నిషేధించవచ్చు. కొనే ముందే కనుక్కోవాల్సిన మాట ఇది.

హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా. నాన్-ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్ళు తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. అమెరికాలోని ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. టెక్సాస్ వార్షిక లైసెన్సు గడువు ఆగస్టు 31తో అయిపోతుంది, సెప్టెంబరు 1న మీ అల్మారాలో ఉన్న తుపాకి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. స్నేహితుడి తుపాకి పట్టుకున్నా ఇదే. గ్రీన్‌కార్డు ప్రయత్నంలో ఉన్నప్పుడు ఈ టెన్షన్ ఎందుకు, ముందే లాయర్‌ను అడగండి.

అపోహ: చుక్కల దుప్పికీ ఇదే మంచె పనికొస్తుంది.

మన అడవుల చుక్కల దుప్పి 1930ల నుంచి టెక్సాస్‌లో ఉంది, ఇక్కడ 'యాక్సిస్' అంటారు. ప్రైవేటు భూమిలో దానికి సీజన్ లేదు, సంఖ్య పరిమితి లేదు. లైసెన్సు, యజమాని అనుమతి ఉంటే చాలు. కానీ దాని తీరు వేరు. తెల్లతోక జింక ఆకులు, చిగుళ్ళు కొరుకుతూ పొదల్ని పట్టుకుని తిరుగుతుంది. దుప్పి గడ్డి మేస్తుంది, మందగా బయట తిరుగుతుంది, పోతుల అరుపులు వేసవిలో ఎక్కువ. దానికోసం గడ్డి మైదానం, నీటి గుంట చూసుకోవాలి. మందలో ముప్పై కళ్ళుంటే మంచె మీద చేయి కదిలించడం కూడా కష్టం, అక్కడ బాక్స్ బ్లైండే నేను ఎంచుకుంటాను.

అపోహ: పౌర్ణమి చూసుకుని మంచె ఎక్కాలి.

జీపీఎస్ కాలర్లు కట్టి చూసిన పరిశోధనల్లో చంద్రుడి ప్రభావం చెప్పుకోదగ్గట్టు తేలలేదు. మీకు సెలవు దొరికిన రోజు గాలి చూసుకోండి.

అపోహ: ఒకసారి గట్టిగా బిగిస్తే పదేళ్ళు చూడక్కర్లేదు. బెల్టు కూడా అక్కర్లేదు.

చెట్టు లావవుతుంది, పట్టీ మాత్రం అంతే ఉంటుంది. టెక్సాస్ ఎండకు నైలాన్ పట్టీ పైకి బాగానే కనిపిస్తూ లోపల పీచులా అయిపోతుంది. గోటితో గీకి చూడండి, పొడి రాలితే పారేయండి. నేను ప్రతి వేసవిలో పట్టీలు మారుస్తాను. పడిపోవడాలు ఎక్కువగా జరిగేది కూర్చున్నప్పుడు కాదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. కాబట్టి చెట్టు పొడవునా తాడు కట్టి, నేల మీద ఉండగానే ఒంటి నిండా హార్నెస్ (పడిపోకుండా ఆపే బెల్టుల కట్టు) తగిలించుకుని, దాన్ని తాడుకు కలిపే ముడిని పైకి జరుపుకుంటూ ఎక్కాలి. తుపాకి చేత్తో పట్టుకుని నిచ్చెన ఎక్కొద్దు. తూటాలు తీసేసి, వేరే తాడుకు కట్టి, కూర్చున్నాక పైకి లాక్కోండి. ఎక్కడ ఉన్నారో, ఏ మంచె ఎక్కారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. హిల్ కంట్రీ లోయల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు.