ల్యాసిక్ కంటికి రాత్రి సిగ్నల్ ఎలా కనిపిస్తుంది?

పర్లాకిమిడి నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, నాకు రెండు కళ్లకీ మైనస్ మూడున్నర. బరంపురంలో కోచింగ్ తీసుకుంటున్నా, ఏఎల్‌పీకి (రైలు నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి) కట్టాను. మా సీనియర్ ల్యాసిక్ (లేజర్‌తో కంటి పవర్ పోగొట్టే ఆపరేషన్) చేయించుకుని 6/6 గడగడా చదివేస్తున్నాడు, అయినా రైల్వేవాళ్లు తీసుకోరట. కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలంట వీళ్లకి?" గుణుపూర్, రాయగడ వైపు పిల్లలు కూడా ఇదే అడుగుతుంటారు. ఒడిశాలో ఉన్న మన తెలుగు ఇళ్లలో రైలు ఉద్యోగం మీద మోజు ఎంతో చెప్పక్కర్లేదు కదా.

రూలు మాత్రం సూటిగానే ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్‌కి ఏ-1 తరగతి వైద్య ప్రమాణం ఉండాలి, అంటే అద్దాలు లేకుండా రెండు కళ్లకీ 6/6. ఫాగింగ్ టెస్ట్ అదనం (అది కంటి కండరాన్ని బిగించి ప్లస్ పవర్ దాచుకునేవాళ్లని పట్టుకోడానికి, మన మైనస్ తమ్ముడికి దాంతో పని లేదు). ల్యాసిక్ గానీ, పవర్ పోగొట్టే మరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు అనర్హులని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. కాబట్టి "స్మైల్ (ల్యాసిక్ లాంటిదే ఇంకో లేజర్ ఆపరేషన్) చేయించుకుంటే పర్లేదట" అనే కోచింగ్ సెంటర్ కబుర్లు నమ్మొద్దు.

ఎందుకు వద్దంటున్నారో తెలియాలంటే ముందు స్కూలు పుస్తకంలో కంటి బొమ్మని కాసేపు మర్చిపోవాలి. ఆ బొమ్మలో పనంతా లోపలి కటకమే చేస్తున్నట్టు గీస్తారు, మేమూ అలాగే చెప్పేస్తాం. నిజానికి కంటి మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లైతే (పవర్‌ని కొలిచే యూనిట్ అది, మైనస్ మూడున్నర అన్నా డయాప్టర్లే) అందులో 43 దాకా కంటి ముందున్న పారదర్శకమైన పొర, కార్నియాదే. లేజర్ వేసేది దాని మీదే.

కార్నియాని ఇడ్లీ అనుకోండి. పైభాగం నడుమ కాస్త ఎత్తుగా, అంచులకి వెళ్లేకొద్దీ చదునుగా ఉంటుంది. అంచు దగ్గర వెలుగు అవసరానికి మించి వంగకుండా ఈ ఆకారం కొంతవరకు కాపాడుతుంది. మైనస్ కంట్లో కనుగుడ్డు పొడవు ఎక్కువ, వెలుగు రెటీనా (కంటి వెనక బొమ్మ పడే తెర) దాకా రాకముందే కలిసిపోతుంది. గుడ్డుని పొట్టి చేయలేం కాబట్టి, స్పూనుతో ఇడ్లీ నడినెత్తిన కొంచెం గీకేసినట్టు కార్నియా నడుమ పలచగా తీసేసి వంపు తగ్గిస్తారు. ఎంత తీస్తారు? 6 మిల్లీమీటర్ల వెడల్పు మేర ఒక్కో డయాప్టర్‌కి దాదాపు 12 మైక్రాన్లు. మన తమ్ముడి మూడున్నరకి 42 మైక్రాన్లు, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా కాదు. కార్నియా నడుమ మొత్తం మందమే 540 మైక్రాన్ల చుట్టుపక్కల కాబట్టి పెద్దగా పోయిందేమీ లేదు. పోయింది ఆకారం. గీకిన ఇడ్లీకి ఇప్పుడు నడుమ చదును, దాని చుట్టూ భుజం లాంటి వాలు, అంటే అసలు దానికి సరిగ్గా తలకిందులు.

పగటిపూట దీనివల్ల ఇబ్బంది లేదు. బాగా వెలుగున్న గదిలో కంటిపాప 3 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది, కన్ను గీకిన చదును నడుమలోంచే చూస్తుంది, చార్టు మీద ఆఖరి వరస కూడా చదివేస్తారు. రాత్రి ఇంజన్ క్యాబ్‌లో అదే కంటిపాప, కుర్ర వయసులో, 6 లేదా 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అప్పుడు వెలుగు ఆ భుజం మీదుగా కూడా లోపలికొస్తుంది, ఎక్కువ వంగుతుంది, ముందే కలుస్తుంది. కంటిపాప గీకిన మేర కూడా దాటితే ఆ అంచులో పాత మైనస్ మూడున్నర చెక్కుచెదరకుండా కూర్చుని ఉంటుంది. అంచు వెలుగు ఇలా ముందే కలవడాన్ని గోళీయ విపథనం అంటారు. దీనివల్ల వచ్చే మసక కంటిపాప వెడల్పు ఘనంతో పెరుగుతుంది, పాప రెండింతలైతే మసక ఎనిమిదింతలు. చీకట్లో దీపం చుట్టూ వలయం, చీలికలు చీలికలుగా కిరణాలు కనిపించడం ఇందుకే.

ఒక పసుపు దీపమంటే ముందు సిగ్నల్ ఎరుపు, ఆగడానికి సిద్ధపడు అని. రెండు పసుపులంటే జాగ్రత్తగా ముందుకి పో అని. వానలో, తడిసిన అద్దం వెనకనుంచి, రెండు దీపాలూ వలయాలై కలిసిపోతే ఎలా ఉంటుందో ఊహించండి. పైగా ల్యాసిక్‌లో కార్నియా నరాలు తెగి కొన్ని నెలలు కన్ను పొడిబారుతుంది, ఆ మసక దీనికి తోడు.

నరాలకి దెబ్బ అన్నాను గానీ లేజర్ మాత్రం కాల్చదు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం అణువుల బంధాల్నే తెంపుతుంది. జీవకణజాలం మీద ఇది పనిచేస్తుందని 1981లో ఐబీఎంలో కనిపెట్టినవాళ్లలో ఒకరు మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి మీద ప్రయోగించి చూశారు!

రైల్వే రూలు నాకు కాస్త మొరటుగానే అనిపిస్తుంది. మన వైమానిక దళం కొన్ని బ్రాంచిలకి ల్యాసిక్‌ని కొలతలు పెట్టి ఒప్పుకుంటోంది: ఆపరేషన్ నాటికి 20 ఏళ్లు నిండాలి, అయ్యాక 12 నెలలు గడవాలి, కార్నియా కనీసం 450 మైక్రాన్లు మిగలాలి, కంటి పొడవు 25.5 మిల్లీమీటర్లు మించకూడదు. ఇప్పటి లేజర్లు భుజం వాలుని చాలా తగ్గిస్తాయి కూడా. మసక వెలుగులో చూపు పరీక్ష ఏ-1లో ఎలాగూ ఉంది, అందరికీ తలుపు మూసేయకుండా దాంట్లో నెగ్గినవాళ్లని తీసుకోవచ్చు కదా. కానీ రూలు మారేదాకా రూలే.

పొన్నగంటి కూర తింటే అద్దాలు పోతాయని మా వీధిలో ఇప్పటికీ చెబుతారు. విటమిన్ ఏ లోపంతో వచ్చే రేచీకటికి ఆకుకూరలు మంచివే, సాగిన గుడ్డుకి మాత్రం ఏ కూరా పనిచేయదు. ఆపరేషన్ చేయించుకుని దాచేద్దామా అని ఇంకొందరి ఆలోచన. కుదరదు. స్లిట్ ల్యాంప్ (కంటి డాక్టరు మైక్రోస్కోపు) కింద ఫ్లాప్ (ల్యాసిక్‌లో లేజర్ వేయడానికి పైకెత్తిన కార్నియా పలచని పొర) అంచు సన్నని గీతలా కనిపించొచ్చు, కార్నియా వంపుని కొలిచే టోపోగ్రఫీలో చదును బయటపడుతుంది, పైగా కంటి పొడవు 26 మిల్లీమీటర్లుండి పవర్ సున్నా ఉంటే డాక్టరుకి వెంటనే అనుమానం వస్తుంది. తమ్ముడూ, నీ మూడున్నర అలాగే ఉండనీ. బీ-1 తరగతి పోస్టులకి అద్దాలు పెట్టుకోవచ్చు, పవర్ 4 దాటకూడదు, ఒక కంట 6/9, రెండో కంట 6/12 వస్తే చాలు. టెక్నీషియన్ పోస్టుల్లో చాలావరకు ఆ తరగతివే, ఈసారి ఫారంలో వాటి వైద్య ప్రమాణం కాలమ్ చూసి టిక్ పెట్టు.