పెద్దమ్మ ఆయాసం గురించి

చిన్నీ, బాబూ,

తాతయ్య చుట్టలు కాల్చి ఆయాసం తెచ్చుకున్నాడు సరే, పొగాకు ముట్టని టంగుటూరు పెద్దమ్మకు అదే జబ్బు ఎందుకొచ్చిందని అడిగారు కదా. ఫోన్లో చెప్తే సగం వినరు, అందుకే ఉత్తరం.

ఇద్దరిదీ సీఓపీడీయే. ఊపిరి గొట్టాలు వాచి, ఇరుకై, లోపలి గాలి తేలిగ్గా బయటికి రాదు. పొగ చుట్టదే కానక్కర్లేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి పెద్దమ్మ కిటికీ లేని వంటగదిలో సరుగుడు కట్టెల పొయ్యి ఊదుతూనే ఉంది. దీపం పథకం 1999లోనే మొదలైంది. గ్యాసు వచ్చినా వేణ్ణీళ్ళకు ఆమె కట్టెలు వదల్లేదు, సిలిండరు త్వరగా అయిపోతుందని. మన వైపు చాలా ఇళ్ళలో ఇదే లెక్క.

ఆడవాళ్ళ ఊపిరి గొట్టాలు మగవాళ్ళ వాటికన్నా సన్నం. ఊపిరితిత్తులు ఒకే సైజులో ఉన్నా అంతే. కాస్త వాచినా గాలి ఆడదు. చిన్నతనంలో ఇది తిరగబడి ఉంటుంది బాబూ, అందుకే నీ ఈడులో ఉబ్బసం మగపిల్లలకే ఎక్కువ. యుక్తవయసు దాటాక ఆడవాళ్ళ వంతు. కొందరికి నెలసరి ముందు ఆయాసం పెరుగుతుంది కూడా. చిన్నీ, నీకెప్పుడైనా అలా అనిపిస్తే అమ్మతో చెప్పు, దాచుకోకు.

ఒంటి తీరు కొంతే. పొయ్యి ఆడవాళ్ళకూ, బీడీలూ చీమకుర్తి క్వారీల దుమ్మూ ఎక్కువగా మగవాళ్ళకూ పంచిపెట్టింది మనమే.

నాకు ఒళ్ళు మండేది ఇంకొకటుంది. అమెరికా, కెనడా డాక్టర్లకు ఒకే రోగి వివరాలు, కొందరికి మగమనిషివిగా, కొందరికి ఆడమనిషివిగా ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2001లో వచ్చాయి. ఆడమనిషి అనుకున్నప్పుడు సీఓపీడీ అన్నవాళ్ళు తక్కువ. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ ఫలితం చూపించాక ఆ తేడా తగ్గింది. మన పెద్దమ్మకైతే టెన్షన్ అన్నారు, నీరసం అన్నారు, బలానికి మాత్రలు ఇచ్చి పంపారు. ఆమె కూడా వయసైపోయిందిలే అనుకుని ఊరుకుంది. తాతయ్య దగ్గితే మాత్రం ఇల్లంతా పరుగులు!

ఒంగోలులో ఆ ఊదే పరీక్ష చేయించాకే జబ్బు పేరు తెలిసింది. ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతోంది, కానీ మందు నాలుక మీదే పడిపోతోంది. దసరాకి వచ్చినప్పుడు ఇన్‌హేలర్‌కి స్పేసర్ అనే లావుపాటి గొట్టం తగిలించి ఎలా పీల్చాలో దగ్గరుండి చూపించండి. పీల్చాక నోరు పుక్కిలించమనండి. నేను చెప్తే వినదు, మీరు చెప్తే వింటుంది.

మీ అమ్మమ్మ