పవర్ ట్యూబులకు బయాస్ ఎంత పెట్టాలి?

గిటార్ ఆంప్లిఫయర్‌లో స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు మార్చినవాళ్ళు మొదట అడిగేది ఇదే: బయాస్, అంటే గిటార్ మోగనప్పుడు ట్యూబులో పారే కరెంటు, ఎన్ని మిల్లీయాంపియర్లు పెట్టాలి? అందరికీ పనికొచ్చే అంకె అంటూ ఏదీ లేదు. దాటకూడని హద్దు మాత్రం ఉంది. ఆ హద్దు లోపల చెవి చెప్పిందే వినాలి.

ట్యూబులో వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి, వందల వోల్టులున్న ప్లేట్ వైపు పరుగెడతాయి. దారిలో ఉన్న గ్రిడ్‌కు నెగటివ్ వోల్టేజీ ఇస్తే ఆ ప్రవాహం తగ్గుతుంది. గిటార్ మోగనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో తేల్చేది ఈ వోల్టేజీయే.

చాలా ఆంప్‌లలో పవర్ ట్యూబులు, పెద్ద రంపాన్ని చెరో పక్క పట్టుకుని కోసేవాళ్ళలా, జంటగా పనిచేస్తాయి. తరంగంలో పై సగం ఒకటి లాగితే కింది సగం రెండోది లాగుతుంది. నెగటివ్ వోల్టేజీ మరీ ఎక్కువైతే ఒకటి వదిలాక రెండోది అందుకోవడం ఆలస్యమవుతుంది. దీన్నే క్రాస్ఓవర్ డిస్టార్షన్ అంటారు. గట్టిగా వాయిస్తే ఇది అంతగా తెలియదు. మెల్లగా మీటిన స్వరం ఆరిపోయేటప్పుడు మాత్రం గరగరలాడుతూ బయటపడుతుంది. నెగటివ్ వోల్టేజీ మరీ తక్కువైతే కరెంటు పెరిగి ప్లేట్ ఎర్రగా కాలుతుంది, ట్యూబు త్వరగా పాడవుతుంది.

ఇక హద్దు లెక్క. ఈఎల్34 అనే పవర్ ట్యూబు ప్లేట్ తట్టుకోగలిగిన వేడి 25 వాట్లు. ఇలా జంటలో వంతులవారీగా లాగే క్లాస్ ఏబీ ఆంప్‌లో సిగ్నల్ లేనప్పుడు అందులో 70 శాతం దాటనివ్వకపోవడం వాడుకలో ఉన్న పద్ధతి. అంటే 17.5 వాట్లు. ప్లేట్ మీద 450 వోల్టులుంటే, భాగిస్తే వచ్చేది సుమారు 39 మిల్లీయాంపియర్లు. అదే ట్యూబు 380 వోల్టుల ఆంప్‌లో ఉంటే 46 దాకా వెళ్ళొచ్చు. వేరొకరి అంకెను తెచ్చి మన ఆంప్‌లో పెట్టకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పైగా ఇది పైహద్దు మాత్రమే. 32 దగ్గరే ధ్వని నచ్చితే అక్కడే ఆపడం మేలు. ట్యూబు కూడా ఎక్కువ కాలం బతుకుతుంది.

కొలవడానికి కాథోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ పెడతారు. అక్కడ కనిపించే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీయాంపియరే. అందులో స్క్రీన్ (ప్లేట్ ముందుండే మరో గ్రిడ్) కరెంటు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ప్లేట్ కరెంటు అంతకంటే కాస్త తక్కువే. స్విచ్ ఆపినా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ మిగిలి ఉండొచ్చు. వాటిని డిశ్చార్జ్ చేయడం రానివాళ్ళు ఆంప్ విప్పకూడదు.

జంట కుదర్చడం, అంటే కరెంటు ఒకేలా పారే రెండు ట్యూబులను ఎంచుకోవడం, ఎందుకంటే, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో ఈ రెండు కరెంట్లూ ఎదురెదురు దిశల్లో పారతాయి. సమానంగా ఉంటే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తేడా ఎక్కువైతే కోర్ ఒక వైపుకు అయస్కాంతీకరణ చెందుతుంది, బాస్ పలచబడుతుంది, హమ్ పెరుగుతుంది. రెండు మూడు మిల్లీయాంపియర్ల తేడాకు మాత్రం టెన్షన్ పడనక్కర్లేదు. అమ్మేవాళ్ళు జంట కుదిర్చేది వాళ్ళ పరీక్షా వోల్టేజీ దగ్గర. మన ఆంప్‌లో ఆ పోలిక అలాగే ఉండాలని లేదు. అందుకే రెండింటినీ విడివిడిగా కొలవాలి. కొంతమంది కొద్దిపాటి తేడాను కావాలనే ఉంచుకుంటారు: అప్పుడు సరి సంఖ్య హార్మోనిక్‌లు (మూల స్వరానికి 2, 4 వంటి సరి రెట్ల పౌనఃపున్యాలు) పూర్తిగా రద్దు కాక కొన్ని మిగులుతాయి.