"కుక్కల్ని ఎక్కడికైనా తీసుకెళ్లండి సార్": చెన్నైలో నేను రోజూ వినే అపోహలు, వాస్తవాలు

వీధికుక్కలకు, ఇళ్లలో పెంచే కుక్కలకు, పిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయడం నా పని. పుట్టింది నెల్లూరు జిల్లాలో కాబట్టి వేళచ్చేరి నుంచి పెరంబూరు దాకా ఉన్న తెలుగువాళ్లకు నా నంబరు ఎలాగో చేరిపోతుంది. ఫోన్ ఎత్తగానే ఎక్కువగా వినబడే మాట ఒకటే: "డాక్టరు గారూ, మా వీధిలో కుక్కలు మరీ ఎక్కువైపోయాయి, ఎక్కడికైనా తీసుకెళ్లిపోండి."

అపోహ: పట్టుకెళ్లి చంపేస్తేనో, ఊరవతల వదిలేస్తేనో కుక్కలు తగ్గుతాయి.

ఈ పని మద్రాసు వందేళ్లకు పైగా చేసి చూసింది. 19వ శతాబ్దంలో మొదలైన చంపుడు 1996 దాకా సాగింది. ఇక్కడి జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా లెక్క ప్రకారం 1995 నాటికి రోజుకు 135 దాకా చంపేవారు. ఒక దశలో తోళ్లు ఎంతగా పోగుపడ్డాయంటే, వాటితో నెక్‌టైలు, పర్సులు చేయొచ్చా అని ఇక్కడి కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఆలోచించిందని కూడా బ్లూ క్రాస్ చెబుతుంది. ఇన్నేళ్లు చంపాక కుక్కలు తగ్గివుంటే, 1995లో రోజుకు 135 ఎక్కడి నుంచి దొరికాయి?

ఒక వీధిలో ఎన్ని కుక్కలుండాలో తేల్చేది అక్కడ దొరికే తిండి. చికెన్ కొట్టు వెనక పారేసే పేగులు, హోటల్ ఎంగిలాకులు, కల్యాణ మండపం చెత్త ఉన్నంతకాలం, ఉన్న కుక్కల్ని తీసేస్తే పక్క వీధివి వచ్చి చేరతాయి. కొత్తగా వచ్చినవాటికి ఆపరేషనూ అయివుండదు, రేబిస్ టీకా కూడా పడివుండదు. అందుకే ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదులుతాం. ఈ దారి బ్లూ క్రాస్ 1964లోనే చూపించింది. కార్పొరేషన్ ఒప్పుకోవడానికి 32 ఏళ్లు పట్టింది. 2001లో కేంద్రం దేశమంతటికీ ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నియమాలు తెచ్చింది, 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ సోకినవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. అదే ఏడాది నవంబరులో మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని చెప్పింది. ఈ రెండో వార్త చదివి "ఇక అన్నిటినీ ఎత్తేస్తారటగా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వీధికీ బడికీ తేడా ఉందండీ.

"మరి ముప్పై ఏళ్లుగా ఆపరేషన్లు చేస్తున్నారుగా, ఇన్ని కుక్కలెందుకున్నాయి?" అని మొన్న ఒకాయన నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. 2024 సర్వేలో చెన్నైలో సుమారు 1.8 లక్షల వీధికుక్కలున్నట్టు తేలింది. వాటిలో ఆపరేషన్ అయినవి దాదాపు 27 శాతమే. ఒక ప్రాంతంలో 70 శాతం దాటితేగానీ పుట్టుకల్లో తేడా కంటికి కనబడదు. 2011లో నగరం 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగింది. నన్నడిగితే ఆపరేషన్ బల్లలు, పట్టే మనుషులు ఆ లెక్కన పెరగలేదు. పది మాత్రల్లో మూడు మింగి మందు పనిచేయలేదంటే ఎలా? ఇంకో పొరపాటు కూడా ఉంది. ఫిర్యాదు వచ్చిన చోటల్లా రెండేసి కుక్కల్ని పట్టుకొస్తే ఏ వీధిలోనూ 70 రాదు. ఒక వార్డు పూర్తిచేసి ఇంకో వార్డుకు వెళ్లాలి.

అపోహ: ఒక్క ఆడకుక్క ఆరేళ్లలో 67 వేల కుక్కలవుతుంది.

ఇది మావాళ్లే పోస్టర్ల మీద వేసే అంకె. పుట్టిన ప్రతి పిల్లా బతికి, పెరిగి, మళ్లీ ఈనితే వచ్చే లెక్క అది. వీధిలో అలా జరగదు. బెంగాల్‌లో వీధికుక్కల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఏడు నెలలదాకా బతికినవి అయిదింట ఒకటి మాత్రమే. మిగతావి రోగాలకో, బండ్ల కిందో, మనుషుల చేతుల్లోనో పోయాయి. ఆపరేషన్ ఎందుకు చేయాలో చెప్పడానికి ఈ చావుల లెక్క చాలదా? 67 వేలతో భయపెట్టడం దేనికో నాకు అర్థం కాదు.

అపోహ: మగకుక్కలకు చేస్తే చాలు, ఆపరేషన్ కూడా చిన్నది.

చిన్నదే. మగవి పట్టడం కూడా తేలిక, బిస్కెట్ చూపిస్తే వచ్చేస్తాయి. ఒకటి రెండు ఈతలు ఈనిన ఆడవి మాత్రం వల బండి చప్పుడు వినగానే మాయమైపోతాయి. అందుకే అంకెల కోసం పనిచేసే చోట మగవాటి లెక్క ఉబ్బుతుంది. వీధిలో పది మగకుక్కలుంటే తొమ్మిదింటికి చేసినా మిగిలిన ఒక్కటి చాలు, ఆడవన్నీ కడుపుతో ఉంటాయి. పైగా ఆపరేషన్ అయిన మగకుక్క కూడా ఓ నెలదాకా పిల్లల్ని పుట్టించగలదు. అందుకే ఆడవాటినే ముందు పట్టాలి. దానికి రోజూ అన్నం పెట్టే వాళ్ల సాయం కావాలి, వాళ్లు పిలిస్తేనే అవి దగ్గరకొస్తాయి. పాలిస్తున్న తల్లిని, ఆరు నెలలు నిండని పిల్లల్ని మాత్రం పట్టం.

అపోహ: షెల్టరులో వదిలేస్తే హాయిగా బతుకుతుంది. చోటు లేకపోతే ఇంజెక్షన్ ఇచ్చేస్తారు.

మొదటి సగం చెప్పేది కుక్కను వదిలించుకోవాలనుకునేవాళ్లు, రెండో సగం చెప్పేది అమెరికా వీడియోలు చూసేవాళ్లు. మన దగ్గర చోటు లేదని ఆరోగ్యంగా ఉన్న కుక్కను చంపడానికి నియమాలు ఒప్పుకోవు. నయంకాని జబ్బు, ప్రాణాంతకమైన గాయం ఉంటేనే, అదీ వైద్యుడి చేతి మీదుగానే కారుణ్య మరణం. అమెరికాలో చోటు లేక చంపడం ఉంది. అక్కడా ఆపరేషన్లు, దత్తతలు పెరిగేకొద్దీ తగ్గుతోంది. కుక్కలు, పిల్లులు కలిపి 2011లో ఏటా సుమారు 26 లక్షలున్న ఈ సంఖ్య 2019 నాటికి సుమారు 9.2 లక్షలకు దిగిందని ఏఎస్‌పీసీఏ అనే సంస్థ అంచనా.

మన షెల్టర్లలో ఇంజెక్షన్ ఉండదు, కిక్కిరిసిన కెన్నెల్ ఉంటుంది. టీకా పడని రెండు నెలల పిల్లను తెచ్చి అక్కడ దించితే పార్వో అనే వైరస్ జబ్బు అంటుకుంటుంది. రక్తవిరేచనాలతో అది వారం కూడా ఉండకపోవచ్చు. "షెల్టరులో ఇచ్చొచ్చాం" అని ఇంట్లోవాళ్లు ప్రశాంతంగా ఉంటారు.

అపోహ: చెవి కోసివుందంటే ఎవరో హింసించారు. చెవి కోసిన కుక్క కరవదు.

ఆ గాటు ఆపరేషన్ అయినదానికి గుర్తుగా మత్తులో ఉన్నప్పుడు మేం పెట్టేది. కరవదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒకసారి వేసిన టీకా జీవితాంతం పనిచేయదు కూడా. గాటున్న కుక్క కరిచినా సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: పెంపుడు కుక్కకు ఒక్క కాన్పయినా కానివ్వాలి.

వేళచ్చేరిలో ఒంగోలు నుంచి వచ్చిన కుటుంబం ఒకటుంది. వాళ్ల లాబ్రడార్‌కు ఆపరేషన్ చేయిద్దామన్నాను. ఇంటి పెద్దావిడ ఒప్పుకోలేదు. "తల్లి కాకుండా చేస్తే పాపం నాయనా, ఒక్క ఈత ఈననీ" అన్నారు. ఎనిమిది పిల్లలు పుట్టాయి. అయిదింటిని ఆఫీసు స్నేహితులు తీసుకున్నారు, మిగతా మూడింటిని ఎవరో "తెలిసినవాళ్లు" పట్టుకెళ్లారు. ఏడాదిన్నర తర్వాత మా వల బండిలో మెడకు పట్టీ ఒరిపిడి గుర్తున్న లాబ్రడార్ ఒకటి వచ్చింది, కడుపుతో. ఆ ఎనిమిదింటిలోదే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. కుక్కను రోడ్డున వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా మాత్రం పది రూపాయల నుంచి యాభై. టీ, బజ్జీల ఖర్చు!

ఒక్క ఈతతో కుక్కకు ఒరిగేదేమీ లేదు. ఆపరేషన్ లేకపోతే వయసు మీదపడ్డాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదముంది, రొమ్ము గడ్డల ముప్పూ ఎక్కువే. అర్ధరాత్రి చీము కేసు వచ్చినప్పుడు మాకుండే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆపరేషన్ చేయిస్తే లావవుతుందంటారు. తిండి తగ్గించకపోతే అవుతుంది, అన్నం కొంచెం తగ్గించండి. పెద్ద జాతులకు ఏ వయసులో చేయించాలో మీ డాక్టర్ని అడగండి, అన్నిటికీ ఒకే లెక్క కాదు.

చివరికి ఆ పెద్దావిడే కుక్కను ఆపరేషన్‌కు తీసుకొచ్చారు. కుట్లు విప్పే రోజున ఒక పిల్లిని కూడా బుట్టలో తెచ్చి, "దీనికి ఇంకా చిన్న వయసు, మెల్లిగా చేయిద్దాంలే కదా?" అన్నారు. ఎన్ని నెలలని అడిగాను. అయిదట. పొట్ట తడిమి చూశాను. మెల్లిగా అనే మాటకు అప్పటికే ఆలస్యమైపోయింది.