ఎవరి పేరూ లేని మందుచీటీ

ఒక్క వేరుశనగ పలుకు నోట్లో పడినా కొందరికి నిమిషాల్లో గొంతు వాచిపోతుంది, బీపీ పడిపోతుంది. అనాఫిలాక్సిస్ అనే ఈ స్థితిలో ప్రాణం నిలబెట్టేది ఎపినెఫ్రిన్. మన ఆసుపత్రుల్లో అడ్రినలిన్ అంటారే, అదే. సైనికులకు విషవాయువు విరుగుడు ఇచ్చే ఇంజెక్టర్‌ను మార్చి తయారుచేసిన ఎపిపెన్ అనే పెన్ లాంటి ఆటో ఇంజెక్టర్‌కు అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది. ఇప్పటి పెన్‌లో నీలం మూత లాగి, నారింజ కొనను తొడ బయటి వైపు గట్టిగా నొక్కి మూడు సెకన్లు ఉంచాలి. ప్యాంటు మీంచైనా 0.3 మిల్లీగ్రాముల మందు ఒంట్లోకి వెళ్తుంది. దీనికి నర్సే అక్కర్లేదు.

అయినా అమెరికా స్కూళ్లలో దీన్ని ఏ పిల్లకైనా వాడటానికి అడ్డుపడింది చట్టమే. ప్రిస్క్రిప్షన్ ఎవరో ఒకరి పేరు మీదే రాయాల్సి ఉండేది. ఒక పిల్లాడి పెన్ బీరువాలో ఉన్నా, పక్క పిల్లకి వాడాలంటే టీచరుకు కేసుల భయం. పైగా స్కూళ్లలో వచ్చే తీవ్రమైన ఫుడ్ అలర్జీల్లో దాదాపు 25 శాతం, అలర్జీ ఉందని అప్పటిదాకా తెలియని పిల్లల్లోనే కనిపించాయి. వాళ్ల పేరు మీద చీటీ ఎలా ఉంటుంది?

2012 జనవరిలో వర్జీనియాలో ఏడేళ్ల పాప స్కూల్లో వేరుశనగ తిని చనిపోయింది. పాప పేరు మీద అక్కడ మందు లేదు. ఆ ఏడాదే ఆ రాష్ట్రం, స్కూళ్లు ఎవరి పేరూ లేకుండా ఎపినెఫ్రిన్ ఉంచాలని చట్టం చేసింది. 2013 నవంబరులో ఒబామా సంతకం చేసిన ఫెడరల్ చట్టం, అలాంటి నిబంధన పెట్టిన రాష్ట్రాలకు ఆస్తమా గ్రాంట్లలో ప్రాధాన్యం ఇచ్చింది. ఆయన పెద్దమ్మాయికీ వేరుశనగ పడదు.

అలర్జీ స్కూలు గేటు దగ్గర ఆగదు కదా. 2014లో ఫ్లోరిడా ఈ వీలును రెస్టారెంట్లకు, థీమ్ పార్కులకు, స్టేడియాలకు కూడా ఇచ్చింది. డాక్టరు సంస్థ పేరు మీదే చీటీ రాయొచ్చు. శిక్షణ పొందిన ఉద్యోగి మంచి మనసుతో ఇంజెక్షన్ ఇస్తే దావా నుంచి రక్షణ ఉంటుంది. తర్వాత చాలా రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి.

కానీ రెస్టారెంట్ల లాంటి చోట్లకు చేసిన ఈ చట్టాలు ఎక్కువగా 'ఉంచుకోవచ్చు' అన్నాయే తప్ప 'ఉంచాలి' అనలేదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే. 2007లో 100 డాలర్ల చుట్టూ ఉన్న రెండు పెన్‌ల ప్యాక్ 2016 నాటికి 600 దాటింది. గడువు తీరితే మళ్లీ కొనాలి. ఇష్టానికి వదిలేస్తే చిన్న హోటల్ యజమాని ఎందుకు కొంటాడు? అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన తల్లిదండ్రులు రెస్టారెంటుకు వెళ్లినా, సొంత పెన్ బ్యాగులో పెట్టుకునే తీరాలి.

2024 ఆగస్టులో ముక్కులో కొట్టే ఎపినెఫ్రిన్ స్ప్రేకూ అనుమతి వచ్చింది. సూది భయం తగ్గుతుంది. అయితే పాత చట్టాల్లో 'ఆటో ఇంజెక్టర్' అని మాత్రమే రాసుకున్న రాష్ట్రాలు ముందు వాటిని సవరించుకోవాలి.